బిళ్ళల వంతులు

నేను కోపిష్టిదాన్నే, కాదనను. బోగోలు మండలంలో నా చేత తిట్లు తినని మగవాడు లేడని మా ఆశా కార్యకర్త అబిగయీలు ఊరంతా చెప్పుకుని నవ్వుతుంది. నాగూర్‌బీ నర్సమ్మ వస్తోందంటే బీడీలు ఆర్పేసి లేచి నిలబడేవాళ్లున్నారు. అది నాకు గొప్పే. నర్సు మెతకగా ఉంటే ఈ ఉప్పుగాలిలో ఒక్క పిల్లకు కూడా సూది పడదు. అంతటిదాన్ని, హజరత్తయ్య గుడిసె ముందర నోట మాట రాక దిమ్మెరపోయి నిలబడ్డాను. ఆ సంగతి చెప్పాలంటే ముందు వినీల సంగతి చెప్పాలి.

వినీల హజరత్తయ్య కూతురు. జువ్వలదిన్నెకు ఇవతల ఉప్పుటేటి గట్టు మీద ఉండే యానాదుల కాలనీ వాళ్లది. ఆ కాలనీలో పదో తరగతి దాటిన మనిషి అంతకుముందు లేదు. ఈ పిల్ల రోజూ షేరు ఆటోలో కావలికి పోయి ఇంటరు చదివింది. పరీక్షలు రాసి, పాసై, నెల్లూరులో నర్సింగు సీటు కూడా తెచ్చుకుంది. కుల సర్టిఫికెట్ కోసం ఆఫీసుల చుట్టూ తిరిగింది నేనే. చెప్పులరిగాయని ఇంట్లో గొడవ పెట్టుకున్నది కూడా నేనే. ఎందుకంటారా? ఆ కాలనీ వాళ్లు జీపు చప్పుడు వింటే చాలు, తుమ్మచెట్లలోకి జారుకుంటారు. ఆస్పత్రికి తీసుకుపోతే డాక్టరు ఏం చెప్పినా తల ఊపి, "సరేనయ్యా" అని వచ్చేస్తారు. ఏం అర్థమయిందో, ఏం కాలేదో ఆ పైవాడికే ఎరుక. వాళ్ల మనిషే తెల్లకోటు వేసుకుని వాళ్ల మాటలో చెబితే తప్ప ఇది బాగుపడదని నాకు ఎప్పుడో తెలిసిపోయింది. నేను రిటైరయ్యేలోగా నా కుర్చీలో ఆ పిల్లను కూర్చోబెట్టాలని పంతం పట్టాను. సీటు వచ్చింది. ఇక ఆరోగ్యం బాగుందని డాక్టరు సర్టిఫికెట్ ఇస్తే, పోయి చేరడమే.

హజరత్తయ్యకు చలికాలంలో టీబీ అని తేలింది. ఏట్లో ఎండ్రకాయలు పట్టే మనిషి, మొదటే బక్కపలచన. దగ్గి దగ్గి గట్టు మీదే కూలబడుతుంటే చెయ్యి పట్టుకుని కావలి తీసుకుపోయాను. రోజుకు మూడు బిళ్ళలు, మూడూ ఒకేసారి, పరగడుపున. అట్టలు చేతికిస్తూ గట్టిగా చెప్పాను.

"ఇదిగో హజరత్తయ్యా, ఒక్క బిళ్ళ కూడా పారేశావంటే ఊరుకోను. కసుమూరు దర్గాలో మొక్కుకుని పెట్టిన పేరు నీది. ఆ పేరైనా నిలబెట్టు."

"నీ మాట దాటతానా అమ్మా," అన్నాడు నవ్వి.

దాటలేదు కూడా. ఎప్పుడు పోయినా చూరులో నుంచి ఖాళీ అట్టలు తీసి చూపించేవాడు. ఒక్క గుంటలో కూడా బిళ్ళ మిగిలేది కాదు. మనిషి మాత్రం తగ్గిపోతున్నాడు. దగ్గు దగ్గుగానే ఉంది. కొన్నాళ్లకు మళ్ళీ కఫం పరీక్ష చేయిస్తే పురుగు అలాగే ఉందని వచ్చింది. కావలి టీబీ డాక్టరు విజయభాస్కర్ గారు కాగితం నా ముందుకు తోసి, "నాగూర్‌బీ గారూ, మీ పేషెంటు మందు మింగడం లేదు," అన్నారు.

నాకు ఒళ్లు మండిపోయింది. బిళ్ళలన్నీ ఏట్లో కలిపేసి నాకు ఉత్త అట్టలు చూపిస్తున్నాడన్నమాట. పొట్టకోస్తే అబద్ధం రాని మనిషి అనుకున్నానే, ఎంత వెర్రిదాన్నయ్యాను. మర్నాడు పొద్దున్నే స్కూటీ వేసుకుని, దారి పొడుగునా తిట్లు వరసగా పేర్చుకుంటూ కాలనీకి పోయాను.

అప్పుడే వేట నుంచి వచ్చినట్టున్నారు. తడి గోనెపట్టా మీద ఎండ్రకాయలు కుప్పలు పోసి ఉన్నాయి. ఆ పద్ధతి నాకు తెలిసిందే. ఏట్లో ఏది దొరికినా వంతులేస్తారు. వేటకు పోయినవాడికీ, జ్వరమొచ్చి పోలేనివాడికీ, మొగుడు లేని ఆడదానికీ, ముసలివాళ్లకూ అందరికీ ఒక కుప్ప. వంతులేసినవాడు అందరూ తీసుకున్నాక మిగిలిన కుప్ప తీసుకోవాలి. ఆ రోజు వంతులేసింది హజరత్తయ్య. చిన్న కుప్ప అతనికి మిగిలింది. దాన్ని బుట్టలో వేసుకుని గుడిసె ముందుకు వచ్చి కూర్చున్నాడు. అతని వెనకే ఎదురు గుడిసె పోలయ్య, పోలయ్య పెళ్లాం వచ్చి కూర్చున్నారు. హజరత్తయ్య తల్లి మాలకొండమ్మ పాక్కుంటూ వచ్చి అరచెయ్యి జాపింది.

హజరత్తయ్య చూరులో చెయ్యి పెట్టి అట్ట తీశాడు. మూడు బిళ్ళలు స్టీలు పళ్లెంలోకి నొక్కాడు. ఒకటి పక్కన పెట్టాడు. మిగతా రెండింటినీ కత్తి మొనతో సగానికి విరిచాడు. ఒక ముక్క పోలయ్యకు, ఒకటి పోలయ్య పెళ్లానికి, ఒకటి తల్లి చేతిలో పెట్టి, మిగిలింది తన నోట్లో వేసుకున్నాడు.

నేను స్కూటీ స్టాండు వెయ్యడం కూడా మరిచిపోయి దాన్ని పట్టుకునే నిలబడ్డాను. దారంతా పేర్చుకున్న తిట్లలో ఒక్కటి నోటికి రాలేదు.

"ఏం చేస్తున్నావు హజరత్తయ్యా?" అన్నాను ఎలాగో.

"వంతులేస్తా ఉండానమ్మా," అన్నాడు తాపీగా. "నువ్విచ్చిన మందే."

"అది నీకిచ్చింది కదా."

"నాకే ఇచ్చినావు. ఒక్కటి గూడా పారెయ్యొద్దన్నావు, పారెయ్యలా. అట్టలు చూపించినా గదమ్మా." అతని మొహంలో తప్పు చేసిన జాడ ఎక్కడా లేదు. "పోలయ్య దగ్గతా ఉండాడు. ఆయన పెళ్లాం దగ్గతా ఉండాది. మా అమ్మయితే తెల్లార్లూ దగ్గేదే. వాళ్లు చూస్తా ఉంటే నేనొక్కణ్ణే ఎట్టా మింగేది? గొంతు దిగద్దా?"

నేను అట్టలు లెక్క చూశానే గానీ బిళ్ళలు ఎన్ని గొంతుల్లోకి పోయాయో అడగాలని ఎవరికి తోస్తుంది. ఇన్నేళ్ల సర్వీసులో మందు మింగనివాళ్లను చూశాను, పారేసినవాళ్లను చూశాను, అమ్ముకున్నవాడిని కూడా ఒకణ్ణి చూశాను. ఎండ్రకాయల్లా పంచిపెట్టిన మనిషిని చూడటం అదే మొదలు. అప్పుడు పళ్లెంలో పక్కన పెట్టిన నిండు బిళ్ళ కనబడింది.

"మరి అదెవరికి?"

హజరత్తయ్య మొహం విప్పారింది. "అది వినీలకమ్మా. దానికి మాత్రం విరవను."

గుడిసె పక్కన గిన్నెలు తోముతున్న వినీల, చేతులకు బూడిదతోనే లేచి వచ్చింది.

"అది బలం బిళ్ళ గదా నాయనా?" అంది. "నర్సమ్మ ఆడపిల్లలకిచ్చే బలం బిళ్ళని గదా చెప్పినావు?"

"బలానికే గదమ్మా."

వినీల నా వైపు తిరిగింది. తెలివిగల పిల్ల. నా మొహం చూడగానే సగం తెలిసిపోయింది. రోజూ విడి బిళ్ళే తప్ప అట్ట ఆమె చేతికి వచ్చినట్టు లేదు. నేను అట్ట తీసి ఆమె చేతిలో పెట్టాను. చదువుకుంది. చదివి, మళ్ళీ చదివింది.

"ఎప్పటి నుంచి మింగుతున్నావమ్మా?" అన్నాను.

"చలికాలం నుంచి."

"దగ్గు ఉందా?"

"పొద్దున పూట ఉంటాది. పొయ్యి పొగకనుకున్నా." అట్ట తిరిగి నా చేతిలో పెట్టింది. "నాయనే చూసి, ఇది మింగితే పోతాదిలే అన్నాడు."

ఆ రోజే బండి తెప్పించి అందరినీ కావలి తీసుకుపోయాను. దారంతా మనసులో అల్లాను అడుగుతూనే ఉన్నాను, జబ్బు ఈ పిల్ల జోలికి మాత్రం రాకూడదని.

పరీక్షల ఫలితాలు డాక్టరు గారు ఫోనులో చెప్పారు. పోలయ్యకు, అతని పెళ్లానికి టీబీ ఉంది, మామూలు మందుకే లొంగుతుంది, ఎవరి అట్టలు వాళ్లకిస్తారు. హజరత్తయ్య మందు కూడా మళ్ళీ మొదటి నుంచి సరిగ్గా వాడితే పనిచేస్తుంది. ముసలామెకు టీబీ కాదు, వయసు మీద పడిన ఉబ్బసం.

"వినీలకు?" అన్నాను.

"వినీలకే కష్టం వచ్చింది నాగూర్‌బీ గారూ. టీబీ ఉంది. ఆ బిళ్ళల్లో ముఖ్యమైన మందుకు లొంగడం లేదు. చాలీచాలని మందు రోజూ పడితే పురుగు చావదు, దానికి అలవాటు పడిపోతుంది. అరకొర దెబ్బ తిన్న పాము లాంటిదనుకోండి."

తర్వాత ఆయన ఏం చెప్పారో నాకు సగమే వినబడింది. వేరే మందులు ఉన్నాయట. చాలా నెలలు వాడాలట. ఒక్క పూట తప్పినా, ఒక్క బిళ్ళ తగ్గినా ఆ మందులకు కూడా లొంగకుండా పోతుందట, అప్పుడిక మా చేతుల్లో ఏమీ ఉండదన్నారు. ఫోను పెట్టేశాక సబ్‌సెంటర్‌లో ఒక్కదాన్నే కూర్చుని ఏడ్చాను. ఏడుపు నాకు చేతకాదనుకునేవాళ్లు ఈ మాట నమ్మరు.

నెల్లూరు స్కూలుకు ఫోను చేసి కాళ్లావేళ్లా పడ్డాను. మందు మొత్తం వాడి, నయమైందని డాక్టరు రాసిస్తే వచ్చే బ్యాచీలో చేర్చుకుంటామన్నారు. అంతవరకు అదే పదివేలనుకున్నాను. ఇక మిగిలింది హజరత్తయ్యకు చెప్పడం. అందులో నా కోపం ఎందుకూ పనికిరాలేదు. గట్టు మీద వల సర్దుకుంటున్నవాడి పక్కన కూలబడి, వీలైనంత మెల్లగా చెప్పాను. అంతా విన్నాడు. ఏడవలేదు, తల బాదుకోలేదు. వల పక్కన పెట్టి నా మొహంలోకి చూశాడు.

"అందరికీ సగమే ఇచ్చినా అమ్మా," అన్నాడు. "అది నర్సమ్మయితే కాలనీకంతా మంచిదని దానికి మాత్రం నిండుది ఇచ్చినా. ఎక్కువ ఇచ్చినా గదమ్మా దానికి."

ఏం చెప్పమంటారు? నువ్వు సగమే ఇచ్చినా, నిండుది ఇచ్చినా ఒకటేనని, అసలు ఇవ్వకుండా నా దగ్గరకు పంపి ఉంటే ఇవాళ నెల్లూరులో ఉండేదని ఆ తండ్రితో ఏ నోటితో చెప్పను. అతని చెయ్యి పట్టుకుని కూర్చున్నాను, అంతే.

వినీల కొత్త మందులు వచ్చిన రోజు నేనే తీసుకుపోయాను. మొదటి మోతాదు నా కళ్ల ముందర మింగాలి. కాలనీకి ఏది వచ్చినా అందరూ వచ్చి కూర్చోవడం వాళ్ల అలవాటు, ఆ రోజు కూడా వచ్చి కూర్చున్నారు. వినీల గుడిసె ముందర చాప మీద కూర్చుంది. ముందుగా కాస్త అన్నం తినిపించాను. బిళ్ళలన్నీ పళ్లెంలో పోశాను. గుప్పెడున్నాయి. అవి చూడగానే మాలకొండమ్మ పాక్కుంటూ వచ్చి మనవరాలి పక్కన చేరి, రోజూ జాపినట్టే అరచెయ్యి జాపింది.

నేను నోరు తెరవబోయాను. వినీల వద్దన్నట్టు నా మోకాలి మీద చెయ్యి వేసింది.

"నేను చెప్తా నర్సమ్మా." అవ్వ వైపు తిరిగింది. "అవ్వా, ఇవి వంతులేసేవి కాదు. నీకొకటి ఇచ్చినానంటే నా జబ్బు తగ్గదు. నీకుండే దగ్గుకు ఇది మందు గూడా కాదు. నీ మందు నర్సమ్మ వేరే తెచ్చింది."

ముసలామె వినలేదో, విని కూడా తియ్యలేదో, ఆ చెయ్యి అలాగే ఉంది. వినీల ఒక బిళ్ళ నోట్లో వేసుకుని నీళ్లు తాగింది. ఇంకొకటి వేసుకుంది. ఆ చెయ్యి ఎదుటే, దాన్ని చూస్తూనే, కళ్ల వెంట నీళ్లు కారుతుంటే ఒక్కొక్కటే మింగింది. పోలయ్య తల వంచుకున్నాడు. హజరత్తయ్య చూడలేక ఏటి వైపు తిరిగి నిలబడ్డాడు. ఆ కాలనీలో పక్కవాడికి పెట్టకుండా రేగుపండు కూడా నోట్లో వేసుకున్న మనిషిని నేను ఎరగను. ఇలా ఒక్కతే మింగాలనే కదా ఇంత పోరాడాను. తీరా అది జరుగుతుంటే, చూడకూడనిది చూస్తున్నట్టు నాకు సిగ్గేసింది.

పళ్లెం ఖాళీ అయింది.

"అన్నీ మింగినావా?" అంది మాలకొండమ్మ.

"మింగినా అవ్వా."

"నా చెయ్యి చూసినావా?"

"చూసినా."

"చూసి మింగినావు," అంది ముసలామె. చెయ్యి మెల్లగా ముడుచుకుని ఒళ్లో పెట్టుకుంది. కోపం లేదు ఆ గొంతులో. "అయితే నువ్వు నర్సమ్మవి అయిపోయినావులే."

వినీల నా వైపు చూసింది. నేను కళ్లు దించుకున్నాను.