చప్పుడు చేయని పెట్టె

బల్ల అంచు మీద కుడిచేతి వేళ్లు పరుగెడుతున్నాయి. పాట లేదు, టకటకలే. రోజూ టీ చల్లారేలోగా ఆయన చేసే పని ఇది, వేళ్లకు తిమ్మిరి వదిలేదాకా బల్లను వాయించడం. షుగరు వచ్చినప్పటినుంచి వేలికొనల్లో చీమలు పాకుతున్నట్టు ఉంటోంది. డాక్టరు నరాలకు మాత్రలు రాశాడు. మాత్రలు లోపలికి పోతూనే ఉన్నాయి, చీమలు మాత్రం బయటికి రాలేదు.

"ఏమంటోంది బల్ల?" అంది భార్య, వంటింటి గుమ్మంలోంచి.

"శ్రుతిలోనే ఉందే."

"అయితే సాయంత్రం దాన్నే మోసుకెళ్లండి. కొత్తది కొనే పని తప్పుతుంది."

ఆయన నవ్వాడు గానీ నవ్వు గొంతు దాటి లోపలికి దిగలేదు.

బ్యాండులో ఆయన్ని మెట్లాయన అంటారు. చిన్నప్పుడు హార్మోనియం మెట్ల మీద మొదలైన చెయ్యి, కీబోర్డులు వచ్చాక వాటి మీదికి మారింది. పొట్టి మనిషి, కాస్త ముందుకు వంగిన వీపు, ఎప్పుడూ రెండు మడతలు పెట్టిన చొక్కా చేతులు. స్టేజీ మీద ఆయన చోటు ఎడమ మూల. ఊళ్లో ఎన్ని పెళ్లి ఆల్బముల్లో వెతికినా ఆయన మోచెయ్యి తప్ప మొహం దొరకదు. అందుకు ఆయన ఎన్నడూ చిన్నబుచ్చుకోలేదు. పాడేవాళ్లు తడబడితే కింద స్వరం పెట్టి నిలబెట్టడం తన పని అనీ, అది దేవుడిచ్చిన పని అనీ నమ్మాడు.

ఆ మూల ఇప్పుడు చేజారేట్టుంది. కిందటిసారి పెళ్లికొడుకు తండ్రి మైకు పట్టుకుని మాట్లాడుతున్నంతసేపూ ఈయన పాత స్పీకరు పెట్టె గుయ్‌మంటూనే ఉంది. ఆ తర్వాత పాట మధ్యలో కీబోర్డు చచ్చిపోయింది. బ్యాండు నడిపేది డ్రమ్ములు వాయించే కెప్టెన్. అతను కోప్పడలేదు, టీ ఇప్పించి మరీ చెప్పాడు.

"బాబాయ్, నీ చెయ్యి మీద నాకు అనుమానం లేదు. కానీ ఇంకోసారి గుయ్‌మందంటే మనకి పార్టీలు రావు. ఇంకొకాయనతో మాట్లాడి ఉంచాను. ఏమనుకోకు."

అదే అతను కేకలేసి ఉంటే మెట్లాయనకు ఇంత భయం వేసేది కాదు.

పాత సామాన్ల షాపులో ఆయన చేతికందే కీబోర్డులు రెండే ఉన్నాయి. అద్దాల బీరువాలోది చూడ్డానికే. మొదటిది ప్లాస్టిక్కుది, కొత్తరకం. చంకలో పెట్టుకుని బస్సెక్కొచ్చు. వైరు తిన్నగా స్టేజీ మీది సౌండు మిక్సరుకు తగిలిస్తే చాలు, వేరే పెట్టె అక్కర్లేదు. రెండోది పాతది, ఇనుప ఒళ్లు, మొయ్యాలంటే నడుం విరగాలి. దానికి ఇనుప స్టాండూ, పలికే స్పీకరు పెట్టె కూడా కలిపి ఒకే ధర.

"మీ వయసుకి చిన్నదే హాయి మాస్టారూ," అన్నాడు షాపాయన. "గొడవ లేదు, గోల లేదు."

మెట్లాయన చిన్నదాని మీద చెయ్యి వేశాడు. మెట్టు ఎప్పుడు దిగిందో, ఎప్పుడు లేచిందో వేలికి తెలియలేదు. పెద్దదాని మీద వేశాడు. మెట్టు బరువుగా దిగింది, ఎదురు తన్నింది. మొద్దుబారిన వేలికి చాలాకాలం తర్వాత ఎవరో జవాబు చెప్పినట్టయింది. మనసు అక్కడే పడిపోయింది.

కానీ స్పీకరు పెట్టె గుయ్‌మంటోంది.

"దానిదేముందండీ," అన్నాడు షాపాయన. "మూడో కాలు పీకేస్తే సరి."

ప్లగ్గుకు పైన ఉండే లావుపాటి ఇత్తడి పిన్నును వాయిద్యాలవాళ్లు మూడో కాలు అంటారు. ఇనుముకు కరెంటు దిగితే దాన్ని భూమిలోకి పంపేది అదేనని మెట్లాయన విననివాడు కాదు. కానీ స్టేజీల మీద అది గుయ్‌మనే చప్పుడును మోసుకొచ్చే కాలు మాత్రమే. గుయ్‌మంటే మూడో కాలు తియ్యి. ఈ కిటుకు ఆయనే ఎందరికో నేర్పాడు.

షాపాయన స్క్రూడ్రైవరుతో పిన్ను ఊడదీసి చేతిలో పెట్టాడు. పెట్టె నోరు మూసుకుంది. మెట్లాయన సంతోషంగా, పెట్టెకు వైరుతో కలిపిన కీబోర్డు ఇనుప అంచు నిమిరాడు. అరచేతిలో చిమచిమలాడింది. చెయ్యి విదిలించుకున్నాడు.

"ఏమైందండీ?"

"నా చీమలేలే."

మధ్యాహ్నం ఇంట్లో వాయించి చూశాడు. గచ్చు మీద ఉత్త కాళ్లతో నిలబడితే చీమలు మణికట్టుదాకా ఎగబాకాయి. రబ్బరు చెప్పులు వేసుకుంటే తగ్గాయి.

"ఏమే, డాక్టరుకు పోసిందంతా దండగ. చెప్పులేసుకుంటే షుగరు తగ్గుతోంది."

"అయితే నిద్రలో కూడా వేసుకోండి. మంచం నేను వేరే వేసుకుంటాను," అంది ఆవిడ. పూజకోసం దీపపు కుంది తోముతూ ఉంది. ఆయన జేబులోంచి పిన్ను తీసి దేవుడి అరలో పెట్టాడు.

"ఇదేమిటి?"

"నా నోటిముందు కూడు తీసేయబోయింది. ఇక్కడ కాస్త బుద్ధిగా కూర్చుంటుంది."

బయలుదేరేముందు కళ్లు మూసుకుని ఒక్కటే అడిగాడు. ఇవాళ చప్పుడు రాకుండా చూడు స్వామీ.

పెళ్లి విందు తోటలో. ఎండ ఇంకా పూర్తిగా పోలేదు. తోటమాలి అప్పుడే గడ్డికి నీళ్లు పెట్టి వెళ్లినట్టున్నాడు. స్టేజీ పేరుతో ఆ గడ్డి మీదే పరిచిన తివాచీ అడుగునుంచి తడి ఊరుతోంది. మెట్లాయన తివాచీ అంచున చెప్పులు విడిచాడు. కాలి కింది పెడలు పాదానికి తగలకపోతే ఆయనకు స్వరం సాగదు. అదీగాక వాయిద్యం దగ్గరికి చెప్పులతో వెళ్లడం పుట్టి బుద్ధెరిగి ఎరగడు.

"బాబాయ్, మీ పెట్టె ఇవాళ మౌనవ్రతమా?" అంది పాడే అమ్మాయి.

"పట్టించానమ్మా."

పెళ్లికూతురు మేనమామ ప్రసంగించాడు. గాలి కదిలితే ఆకుల చప్పుడు వినిపించేంత నిశ్శబ్దం. కెప్టెన్ డ్రమ్ముల వెనకనుంచి వంగి, "ఇంకొకాయనకి వద్దని ఫోను చేసేస్తాను బాబాయ్," అన్నాడు.

మెట్లాయన తలూపాడు. గుండెల మీదినుంచి బండ దిగింది. చీమలు మోచేతిదాకా వచ్చాయి. రానీ అనుకున్నాడు.

మూడో పాట పల్లవిలో ఆయన గొంతు కలపాలి. ఎదురుగా తన వాటా మైకు ఉంది. ఎడమచేత్తో స్వరాలు నొక్కి, కుడిచేత్తో కీబోర్డు ఇనుప అంచు పట్టుకుని ముందుకు వంగాడు. పెదవులు మైకు ఇనుప జాలీకి తగిలాయి.

గొంతు వినిపించలేదు. ఎడమచేతి కింది మూడు స్వరాలు మాత్రం అలాగే సాగాయి. పల్లవి అయిపోయింది, అవి ఆగలేదు. ముందు వరసలో ఒకావిడ కళ్లు మూసుకుని వింది. కెప్టెన్ పుల్లలు గాల్లో ఆపి, ఈయనకు ఇవాళ హుషారెక్కిందనుకుని నవ్వాడు. పాడే అమ్మాయి వెనక్కి తిరిగి చూసేలోగా ఆయన మోకాళ్లు మడతపడ్డాయి. అంచు వదిలిన చెయ్యి తడి తివాచీ మీద వాలింది. స్వరాలు ఆగాయి. పెట్టె అప్పుడు కూడా గుయ్‌మనలేదు.

షుగరు మనిషి, గుండె తట్టుకోలేదన్నారు ఆస్పత్రిలో. భార్య నమ్మింది. నమ్మక ఏంచేస్తుంది. అడిగింది అడిగినట్టే ఇవ్వడం దేవుడి అలవాటో, అడగడం మనకు రాదో, ఆ సందేహం ఆవిడకు కలగలేదు. ఆయన ఏమడిగాడో ఆవిడకు తెలియదు కదా.

కర్మకాండలయ్యాక కెప్టెన్ వచ్చాడు.

"పిన్నీ, ఆ సెట్టు మేం తీసుకుంటాం. బాబాయ్ మూలలో ఇప్పుడు ఇంకొకాయన వాయిస్తున్నాడు. చప్పుడే లేదు దానికి, బంగారం."

"తీసుకెళ్లు నాయనా. వాయించే చేతికింద ఉంటేనే దానికి అందం," అంది ఆవిడ.

వ్యాను వీధి మలుపు తిరిగేదాకా గుమ్మంలో నిలబడింది. తర్వాత లోపలికి వచ్చి, దీపపు కుందితోపాటు ఆయన పెట్టివెళ్లిన ఇత్తడి ముక్కను కూడా తోమి, తుడిచి, ఎందుకు పనికొచ్చేదో తెలియకపోయినా మళ్లీ దేవుడి అరలో పెట్టింది. దీపం వెలుగులో అది బంగారంలా మెరుస్తోంది.