తల్లి ఫొటో ఉన్న కార్డు

పని పోయిన రోజున పప్పు ఒలిచే కత్తి, గేటు పాసు, ఇంట్లోవాళ్లందరి ఈఎస్ఐ వైద్యం కార్డులు సూపర్‌వైజరు యుగంధర్ బల్ల మీద పెట్టాలి. పలాసలో నీలకంఠం పనిచేసిన జీడిపప్పు ఫ్యాక్టరీలో అది మొదటినుంచీ ఉన్న ఆచారం. ఆ ఆచారం ఎవరు పెట్టారో ఎవరికీ తెలియదు. మూడేళ్ల కిందట ఒకసారి తీసేసినప్పుడు నీలకంఠం అలాగే పెట్టాడు. మళ్లీ పిలిస్తే వెళ్లాడు; తన కార్డూ తల్లి కార్డూ తిరిగి ఇచ్చారు. మొన్న సెప్టెంబరు ఆఖరున రెండోసారి తీసేసినప్పుడూ పెట్టాడు. ఒక్క కార్డు తక్కువైంది. అది తల్లి సింహాచలమ్మ తమలపాకుల సంచిలో ఉంది.

నవంబరులో ఆమె కిడ్నీ మందులు అయిపోయాయి. మందులు ఆగితే ఏమవుతుందో ఊరూరా కిడ్నీ రోగులున్న ఉద్దానంలో పుట్టినవాడికి ఒకరు చెప్పక్కర్లేదు. అదే జబ్బుతో నీలకంఠం భార్య హేమలత పోయింది.

"ఈ కార్డట్టుకుని ఆస్పత్రికెల్లు" అంది తల్లి.

"పని లేనోడికి కార్డేటే?"

"పోనాది నీ పని. నా ఫొటో ఉన్న కార్డు ఆళ్లదెలాగవుద్దిరా? ఎవుళినైనా అడిగినావా?"

అడగలేదు. ఆ మాట ముల్లులా గుచ్చుకుంది. బస్సెక్కాడు.

ఈఎస్ఐ డిస్పెన్సరీలో షాలిని అనే అమ్మాయి కార్డు నంబరు కంప్యూటరులో కొట్టింది.

"కార్డు పనిసేత్తంది మావయ్యా. వచ్చే జూన్ ఆఖరు దాకా."

"నా పని పోనాదమ్మా."

"పోతే పోనాది. ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా నీ జీతంలో ఈఎస్ఐకి పట్టుకున్నారు కదా. దానికి జనవరి నుంచి జూన్ దాకా వైద్యం. అంతకుముందు ఆర్నెల్లు పట్టుకున్నదానికి ఈ డిసెంబరు దాకా."

నీలకంఠం ఆ లెక్కను మనసులో అటూ ఇటూ తిప్పి చూశాడు.

"అంటే ఎండల్లో ఏరి దాసిన జీడిగింజ వానల్లో ఒలుసుకున్నట్టా?"

షాలిని నవ్వింది. "అంతే మావయ్యా."

"మూడేళ్ల కిందటా సెప్టెంబరులోనే తీసేసినారు. అప్పుడూ ఇంతేనా?"

"ఎప్పుడైనా అంతే. జూన్ దాకా."

"మా ఇంటిది ఆ తరవాత మార్చిలో పోనాది. కార్డు లేదని ఆస్పత్రి మానేసింది."

షాలిని నవ్వు ఆగిపోయింది. నెలకు సరిపడా మందులు తెచ్చి అతని సంచిలో పెట్టింది.

అతను ఇంటికి పోలేదు. ఫ్యాక్టరీకి పోయాడు.

"రా బావా" అన్నాడు యుగంధర్. "పనింకా ఏటీ నేదు."

"పనికి రానేదు. మా కార్డులు తీసుకుని ఏటి సేత్తావు?"

"నానేటి సేత్తాను? పాత సూపర్‌వైజరు తీసుకునీవోడు, నానూ తీసుకుంతన్నాను."

"తీసుకుని?"

యుగంధర్‌నీ ఇంతవరకూ ఎవరూ అడగలేదు. డ్రాయరు లాగి చూపించాడు. రబ్బరు బ్యాండ్లు చుట్టిన కార్డుల కట్టలు. అడుగు కట్టల మీద దుమ్ము.

"ఏటీ సెయ్యను బావా. ఉంతాయి."

నీలకంఠం అడుగు కట్టలు ఒక్కొక్కటీ విప్పాడు. హేమలత దొరికింది. ఫొటోలో కొంగు సరిచేసుకుంటూ ఉంది. చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

"తెలీక సేసినాను బావా. కూకో, టీ సెప్తాను."

"వొద్దు."

సెప్టెంబరులో తనతోపాటు తీసేసినవాళ్ల కట్ట చేతిలోకి తీసుకున్నాడు. అన్నీ ఎరిగిన మొహాలే. మొదటి కార్డు పోలారావుది, ఊరు అక్కుపల్లి.

"ఎక్కడికి బావా? సంతకం పెట్టాల" అన్నాడు యుగంధర్ వెనకనుంచి.

నీలకంఠం తిరిగి చూడలేదు. తల్లికి మందులిచ్చి అక్కుపల్లి పోవడానికి పొద్దు ఇంకా చాలా ఉంది.