తెరలో నిలబడ్డవాళ్ళు

నేను ఒక ట్యాబ్‌ని. ఎక్కడో పెద్ద కర్మాగారంలో వేలమంది మధ్య పుట్టాను. ఆ సంగతులు పెద్దగా గుర్తులేవు. ఊహ తెలిసేసరికి గుంటూరులో ఒక ఇంట్లో ఉన్నాను. పాఠాల కోసమని తండ్రి కొన్నాడు, కొడుకు ఆటలాడాడు; ఇద్దరూ కలిసి నన్నే తిట్టారు. తెర మూల పగిలాక పాత సామాన్ల కొట్లో పడేశారు. అక్కడినుంచి నన్ను కెజియా తీసుకుపోయింది.

కెజియాది బాపట్ల దగ్గర ఒక చిన్న పేట. అక్కడ కొన్ని యూదు కుటుంబాలున్నాయి. తెలుగు మాట్లాడే యూదులా అని ఆశ్చర్యపోకండి, మొదట నేనూ ఆశ్చర్యపోయాను. శుక్రవారం పొద్దు వాలితే దీపాలు వెలిగించి, నన్ను ఆపేసి బీరువాలో పెట్టేవాళ్ళు. శనివారం చీకటిపడేదాకా వాళ్ళకి విశ్రాంతి దినం, ఎవరూ ముట్టుకునేవారు కాదు. నా జాతిలో వారానికో సెలవు దొరికినవాళ్ళు ఎందరుంటారు?

మిగతా రోజులు ఊపిరాడేది కాదు. కెజియా పగలంతా మిరపకాయల తొడిమలు తీసేది. సాయంత్రం చేతులు ఎన్నిసార్లు కడుక్కున్నా మంట పోయేది కాదు. ఆ వేళ్ళతోనే నన్ను తాకి, ఇజ్రాయెల్‌లోని హైఫాలో ఉండే రివ్కా అనే టీచరు దగ్గర హీబ్రూ నేర్చుకునేది.

ఆ ఏడాది కెజియా తండ్రి ఎజ్రా పోయాడు. పోయినవారి కోసం చెప్పే ప్రార్థనను వీళ్ళు కద్దిష్ అంటారు. అందులో చావు అన్న మాటే ఉండదు, అంతా దేవుడి స్తుతి. అయితే దాన్ని ఒంటరిగా చెప్పకూడదు, పాత పద్ధతిలో పదిమంది మగవాళ్ళు ఉండాలి. పేటలో మగవాళ్ళంతా పనులకోసం వలసపోయారు. ప్రార్థన మందిరంలో మిగిలింది నలుగురైదుగురు ముసలివాళ్ళు. రివ్కా తన ప్రార్థన బృందంలోకి రమ్మంది. వాళ్ళు ఆడవాళ్ళనూ లెక్కిస్తారట, తెరలో కనిపించేవాళ్ళనూ లెక్కిస్తారట.

పేట పెద్ద నఫ్తాలికి ఇది మింగుడుపడలేదు.

"గాజుపలకలో బొమ్మల్ని మనుషులని లెక్కేస్తావా అమ్మాయ్?"

"బొమ్మలు కాదు బాబాయ్. ఆళ్ళకీ అమ్మానాన్నలు పోయారు."

"మనిషన్నాక పక్కన నిలబడాల."

"నిలబడేవాళ్ళని నువ్వు పట్టుకురా. దీన్ని ఇప్పుడే కట్టేస్తాను."

ఆయన కండువా దులుపుకుని వెళ్ళిపోయాడు.

అలా మొదలైంది. ఇక్కడ పొద్దుగూకే వేళకు లండన్‌లో మధ్యాహ్నం, దక్షిణ అమెరికాలోని మాంటెవిడియోలో ఉదయం. అక్కడినుంచి మౌరీసియో అనే పెద్దాయన కుర్చీ వీపు పట్టుకుని నిలబడేవాడు. కొచ్చి నుంచి ఒక జంట వచ్చేది. ఇన్ని దేశాల గొంతులు ఒక్కసారి నాలోంచి పోతుంటే ఒళ్ళు కాలిపోయేది. మనుషులు దూరాలు పోతారు, ఆ దూరాలన్నీ మోయడం మా పని.

ఒకరోజు గాలివాన. కద్దిష్ సగంలో ఉండగా సిగ్నల్ పోయింది. కెజియా నన్ను కొంగులో చుట్టుకుని పక్కింటి డాబా ఎక్కింది. నన్ను అటూ ఇటూ తిప్పుతూ చాలాసేపు తడిసింది. వెనకనుంచి నఫ్తాలి గొడుగు పట్టుకుని వచ్చాడు.

"జ్వరం తెచ్చుకుంటావు, దిగు."

అప్పుడే తెర వెలిగింది. ఒక్కరూ వెళ్ళలేదు. అందరూ నిలబడే ఉన్నారు. మౌరీసియో రెండు చేతులతో కుర్చీ వీపు పట్టుకుని ముందుకు వంగిపోయాడు.

"ఆ పెద్దాయన్ని కూర్చోమనవే," అన్నాడు నఫ్తాలి.

"నేను ముగించేదాకా కూర్చోడంట బాబాయ్."

నఫ్తాలి గొడుగు కెజియా మీదికి జరిపి, తాను వానలో నిటారుగా నిలబడ్డాడు. ఆమె మిగిలిన సగం చెప్పింది. ఆ రోజు అన్నిటికంటే గట్టిగా వినిపించిన ఆమేన్ ఆయనదే.

ఎజ్రా కోసం చెప్పాల్సిన పదకొండు నెలలూ ముగిశాయి. మిగతావాళ్ళ కోసం కెజియా ఆ బృందంలో నిలబడుతూనే ఉంది. కొన్నాళ్ళకు మౌరీసియో చోట ఆయన కూతురు కనిపించింది. తండ్రి పోయాడని, కద్దిష్ చెప్పడం తనకు చేతకాదని అంది. "మీ ఊరు పటంలో ఎన్నిసార్లు చూపించినా మరిచిపోయేవారు. మీ వానని మాత్రం మరిచిపోలేదు."

కెజియా ఆ మాటల్ని నఫ్తాలికి తెలుగులో చెప్పింది. ఆయన టోపీ సర్దుకున్నాడు.

"మనం చెబుదాం. ఆయన తండ్రి పేరు కూడా కనుక్కో, ఫలానావారి కొడుకని తలవాలి."

ఆ సాయంత్రం నా బ్యాటరీ అప్పటికే ఉబ్బి ఉంది. మధ్యలో ఆరిపోకూడదని మాత్రం బిగపట్టుకున్నాను. చివరి ఆమేన్ విన్నాక వదిలేశాను.

ఇప్పుడు తుక్కు బస్తాలో ఉన్నాను. పక్కన విరిగిన మిక్సీ మోటారు, గొంతు పోయిన రేడియో. పలకరిద్దామన్నా ఓపిక లేదు. ఎవరో బస్తా మూతి కడుతున్నారు. కట్టనివ్వండి.