బెర్గెన్‌లో గొంగడి పరీక్ష

కోమల పెళ్లయి నెల తిరగలేదు, అప్పుడే నార్వే బజార్లలో తిరుగుతోంది! విజేందర్‌ను ఆఫీసు వాళ్లు శిక్షణకని బెర్గెన్ పంపితే వెంట తనూ ఎగిరొచ్చింది. పొడుగు ముక్కుల బొమ్మలు, జున్ను గీసే చాకులు, ఏది కనబడినా "అబ్బ, గిది చూడు!" అని మొగుడి చెయ్యి లాగుతోంది. ఇంటిల్లిపాదికీ కొన్నది. మిగిలింది అత్త జంగమ్మ ఒక్కతే.

దేవరకొండ దగ్గరి పల్లెలో జంగమ్మ బతుకంతా ఉన్ని వడికింది. వీళ్లు బయల్దేరే ముందు కోడలికి నవ్వుతూనే అంటించింది.

"నకిరేకల్‌ల మేడ మీద పెరిగిన పిల్లవు. గొర్రె బొచ్చుకు, ప్లాస్టిక్ దారానికి తేడా ఎర్కనా నీకు? ఆ దేశపు గొంగడి తే, చూస్త. మిషన్‌ది తెచ్చినవో, కుక్కకు పరుస్త!"

కోమల కూడా గొర్రెలు కాసే కురుమల బిడ్డే. కాకుంటే డిగ్రీ పుస్తకాలతోనే పెరిగింది తప్ప మంద మొహం చూసింది లేదు. అందుకే ఆ మాట లోపల గుచ్చుకుంది.

వానలో తడుస్తూ ఉన్ని దుప్పట్ల దుకాణంలోకి దూరారు. అన్నీ మెత్తగా, ముద్దుగా ఉన్నాయి. ఏది అసలుది? పెళ్లయిన వారానికే మామ కురుమయ్య కొత్త గొంగడి మూలలు పట్టించి, మధ్యలో చెంబెడు నీళ్లు పోయడం ఆమె చూసింది. చుక్క కారకుంటేనే అది గొంగడి.

"నీళ్లు పోసి చూడొచ్చా?" అని ఒక దుప్పటి చేతికి తీసుకొని ఇంగ్లీషులో అడిగింది.

దుకాణం పెద్దామె కళ్లు పెద్దవయ్యాయి.

"ఇజ్జత్ తీస్తవా? ఇది మన వాకిలి కాదు," గొణిగాడు విజేందర్.

"మీ అమ్మ అన్నది నన్ను, నిన్ను కాదు. జర ఆ మూలలు పట్టయ్యా!"

పెద్దామె నవ్వి, జగ్గు తెచ్చి పోసింది. నీళ్లన్నీ దుప్పట్లోంచి విజేందర్ బూట్ల మీదికి కారాయి. కోమల మొహం వాడిపోయింది. పెద్దామె మాత్రం ఆలోచనలో పడి, లోపలికెళ్లి ముతక బూడిదరంగు దుప్పటొకటి మోసుకొచ్చింది. వెనకట జాలర్లు పడవల్లో కప్పుకునే రకం, తనే మగ్గం మీద నేసిందట. దగ్గరికి రాగానే గుప్పున గొర్రె వాసన.

మళ్లీ పోశారు. నీళ్లు మడుగు కట్టి నిలిచాయి. కింద చెయ్యి పెట్టి చూస్తే పొడి! కొనడానికొచ్చిన వాళ్లు చప్పట్లు కొట్టారు. కోమల అక్కడే గంతేసి, అత్తకు వీడియో కాల్ కలిపింది.

జంగమ్మ ఫోన్లోకి వంగి వంగి చూసింది. "ఇంకిన్ని పొయ్యమను."

పోశారు. కారలేదు.

"మన గొంగడి లెక్క చింతగింజల గంజి పెట్టిన్రా? అడుగు."

"గంజి లేదట అత్తమ్మా! గొర్రె జిడ్డు పోకుంట ఉన్ని జర్రంతనే కడుగుతరట, ఆ జిడ్డే నీళ్లను ఆపుతదట."

జంగమ్మ మరుక్షణం ఫోన్ చేతబట్టుకొనే వాకిట్లోకి ఉరికి, పక్కింటావిడను కేకేసింది.

"ఓ బిక్షమ్మా, ఉరికిరా! నా కోడలు సముద్రం అవుతల అసలు గొంగడి పట్టింది!"