నా కొలతకు కారు

నా ఎత్తు నాలుగడుగుల ఎనిమిదంగుళాలు. దానితో డెబ్భై ఏళ్ళు దాటినా నాకే ఇబ్బందీ రాలేదు. ఇబ్బందల్లా మా అల్లుడు కొన్న కారుతో వచ్చింది. దాని సీటు నా నడుము కంటే పైన ఉంటుంది.

మూడు నెలల క్రితం మా అక్క ఇంటి ముందు, వీధి వీధంతా చూస్తుండగా, అల్లుడు నా చంకల కింద చేతులు వేసి సిమెంటు బస్తాను దించినట్టు దించాడు. గేటు దగ్గర నిలబడ్డ అక్క పకపకా నవ్వింది. "ఉయ్యాల కూడా తెప్పించనా?" అంది. నాకు ఒళ్ళు మండిపోయింది. "నా కాళ్ళతో నేను దిగే కారు వచ్చేదాకా నీ గడప తొక్కను" అనేసి వచ్చేశాను.

పంతం పట్టడం తేలికే. ఎనభై ఏళ్ళ మా అక్కను చూడకుండా ఉండటమే కష్టం. నన్ను ఇప్పటికీ 'పొట్టీ' అని పిలిచే మనిషి ఆవిడ ఒక్కతే. ఆ పిలుపు వినక నాకు ముద్ద దిగడం లేదు. అయినా ఫోను నేను చేయను, ఆవిడా చేయదు. ఇద్దరం ఇద్దరమే.

అమ్మాయి పీట కొనుక్కొచ్చింది. పీట వేయడానికొకరు, తీయడానికొకరు, మధ్యలో నేనా? వద్దన్నాను. చివరికి అల్లుడే, పాపం మంచివాడు, ఫోనులో ఏదో చూసి, "కారునే కిందికి దించేద్దాం అత్తయ్యా. పొట్టి స్ప్రింగులు దొరుకుతాయట" అన్నాడు. వెంటనే నాలిక్కరుచుకుని, "అంటే... చిన్నవి" అని సర్దుకున్నాడు.

షెడ్డులో మెకానిక్ ఆ స్ప్రింగుల పెట్టె చూసి, "రేసులకా సార్?" అని అడిగాడు.

"కాదు, మా అత్తగారికి."

మెకానిక్ నన్ను కింది నుంచి పైదాకా చూశాడు. అందుకు వాడికి ఎక్కువ సేపు పట్టలేదు.

నేను ప్లాస్టిక్ కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చున్నాను. నలభై ఏళ్ళు బట్టలు కుట్టినదాన్ని, ఇంకొకరు పని చేస్తుంటే తప్పులు వెతక్కుండా ఉండలేను. వాడు కారును లిఫ్టు మీద పైకి లేపాడు, చక్రాలు ఊడదీశాడు, పాత స్ప్రింగులు తీసి కొత్తవి పెట్టాడు. కాళ్ళు తన్నిపెట్టి మరీ బోల్టులన్నీ బిగించి, చక్రాలు వేసి, కారును నేల మీదికి దించాడు.

వెళ్ళి సీటు పక్కన నిలబడ్డాను. మళ్ళీ నడుము పైనే! సంచిలోంచి నా టేపు తీసి కొలిచాను. తగ్గింది ఒకే ఒక్క సెంటీమీటరు.

"నాలుగు రోజులు తిరిగితే అదే దిగుతుంది మామ్మగారూ," అన్నాడు మెకానిక్.

ఈ మాట నాకు కొత్త కాదు. జాకెట్టు బిగుతుగా కుట్టినప్పుడల్లా 'నాలుగుసార్లు తొడిగితే అదే వదులవుతుందమ్మా' అని నేనూ చెప్పి పంపేదాన్ని.

"చక్రాలను పట్టుకుని ఇనప చేతులున్నాయే, వాటి బోల్టులు ఎప్పుడు బిగించావు?"

"కారు పైన ఉన్నప్పుడే."

"ఆ చేతులు కిందికి వేలాడుతుండగానా? ఆ బోల్టుల చుట్టూ ఉండేది రబ్బరేగా?"

"అవును, రబ్బరు బుష్షులు."

"మరి వేలాడేటప్పుడు బిగిస్తే ఆ రబ్బరు అక్కడే పట్టేసి, కారును కిందికి రానివ్వదు కదా! ప్యాంటు అంచు మడవాలంటే మనిషిని నేల మీద నిలబెట్టి గుండుసూది గుచ్చుతాం నాయనా. బల్ల మీద కూర్చోబెట్టి కాళ్ళు ఊపమని గుచ్చుతామా?"

మెకానిక్ మళ్ళీ పానా చేతిలోకి తీసుకున్నాడు. అల్లుడు షెడ్డు పైకప్పు చూస్తూ నిలబడ్డాడు.  మెకానిక్ కారును షెడ్డు మూలనున్న గుంట మీదికి తెచ్చి, కిందికి దిగి, చక్రాలు నేల మీద ఉండగానే ఆ బోల్టులు వదులు చేశాడు. కారు కిర్రుమని రెండు వేళ్ళు కుంగింది. అప్పుడు బిగించాడు. రెండు వేళ్ళేగా అనుకోకండి. జాకెట్టు చేయి రెండు వేళ్ళు తగ్గితే ఆడవాళ్ళు షాపే మార్చేస్తారు.

ముందు తలుపు తీసి, కాలు పెట్టి, కూర్చున్నాను. ఎవరూ ఎత్తలేదు.

"అక్క ఇంటికి పోనివ్వు బాబూ," అన్నాను.

అక్క గేటు పక్కన జానెడున్నర ఎత్తున కొత్త సిమెంటు మెట్టు కనిపించింది. అల్లుడు సరిగ్గా దాని పక్కనే ఆపాడు. తలుపు తోశాను. బెత్తెడు తెరుచుకుని, కారు కిందికి దిగిన పుణ్యమా అని, మెట్టుకు తగిలి ఆగిపోయింది.

అక్క కర్ర ఆనించుకుంటూ వచ్చింది. "దిగవేం పొట్టీ?"

"ఎలా దిగను? ఇక్కడ ఈ దిమ్మె ఎవరు కట్టమన్నారు?"

"నీ కోసమేనే. ఆ కారులోంచి నువ్వు దిగడానికని కట్టించాను. రెండు నెలలైంది. నువ్వొస్తేగా!"

"ఫోను చేసి చెప్పచ్చుగా?"

"నవ్వింది నేనాయె. ఏ మొహం పెట్టుకుని చేయను?"

 ఆ బెత్తెడు సందులోంచే అక్క చెయ్యి లోపలికి పెట్టి నా చెయ్యి పట్టుకుంది. "కారు ముందుకు జరపాలి, చెయ్యి తీయండి పెద్దత్తయ్యా" అని అల్లుడు ఎంత బతిమాలినా వదలదు. చివరికి నేనే విడిపించాను.

కారు నాలుగడుగులు ముందుకు జరిగాక, నా కాళ్ళతో నేనే దిగాను. అక్క చూడలేదు. కళ్ళజోడు తీసి కొంగుతో కళ్ళు తుడుచుకుంటోంది. అల్లుడు తలుపు వేయబోతుంటే ఆపాను. మళ్ళీ ఎక్కి కూర్చుని, ఆవిడ కళ్ళజోడు పెట్టుకునేదాకా ఆగి, "అక్కా, ఇటు చూడు" అని మళ్ళీ దిగాను.