ఎవరూ ఆపని వెంటిలేటరు

పొద్దున్నుంచీ వదిన రాసిన కోడ్ చదువుతున్నాను. కాలు ఒకచోట నిలవడం లేదు. నాలుగు లైన్లు చదవడం, లేచి కిటికీ దాకా నడవడం, మళ్లీ వచ్చి కూర్చోవడం. ఊపిరి అందని రోగులకు గాలి ఊదే వెంటిలేటరు తయారుచేసే కంపెనీ మాది. అందులో గాలి ఒత్తిడి కొలిచే సెన్సరుకూ కంప్యూటరుకూ మధ్య మాటలు మోసే ప్రోగ్రామే డ్రైవరు. వదిన దాన్ని కొత్తగా రాసింది. చూసి సరే అనాల్సింది నేను.

వదినంటే మా అన్నయ్య భార్య. పాప పుట్టాక చాన్నాళ్లు ఇంట్లో ఉండి, ఈమధ్యే మా టీమ్‌లో చేరింది. ఈ పని సాయంత్రంలోగా గట్టెక్కకపోతే వదినను టీమ్‌లోంచి తప్పిస్తానని మేనేజరు మొహం మీదే చెప్పాడు. మహానుభావుడు, కోడ్ చదవడు గానీ గడియారం మాత్రం క్షుణ్ణంగా చదువుతాడు.

టెస్టులన్నీ పాసయ్యాయి. అయినా నా మనసు కుదుటపడలేదు. కొలవడం మొదలుపెట్టమని సెన్సరుకు ముందుగా ఆదేశమివ్వాలి. పాత డ్రైవర్లో అది ఉంది. వదిన కోడ్‌లో ఎంత వెతికినా లేదు. మరి టెస్టులెలా పాసయ్యాయి?

అప్పుడు వెలిగింది. మా ల్యాబ్‌లో వెంటిలేటరును ఎవరూ ఆపరు. ఆపితే మళ్లీ సిద్ధమయ్యేసరికి ప్రాణం విసిగిపోతుంది. కరెంటు పోలేదు కనుక, పాత డ్రైవరు ఎప్పుడో ఇచ్చిన ఆదేశం మీదే సెన్సరు ఇంకా నడుస్తోంది.

"వదినా, ఒక్కసారి ప్లగ్గు పీకి చూద్దామా?"

"ఇప్పుడా? అన్నీ పాసయ్యాయిగా, నీకెందుకే ఈ గోల?"

"చూడకపోతే నాకు అన్నం సహించదు."

విసురుగా లేచి తనే పీకి, మళ్లీ పెట్టింది. అది సిద్ధమయ్యేదాకా ఇద్దరం గోళ్లు కొరుక్కుంటూ కూర్చున్నాం. గొట్టంలోంచి గాలి వస్తోంది. తెరమీద ఒత్తిడి మాత్రం సున్నా. గాలి చాలడం లేదనుకుని మిషను ఇంకా గట్టిగా ఊదింది. ఊపిరితిత్తులకు బదులుగా గొట్టం చివర తగిలించిన రబ్బరు సంచి ఉబ్బి ఉబ్బి టప్పున పగిలింది.

వదిన వంగి ఆ ముక్కల్ని ఏరింది. నాకు ఏడుపొచ్చింది. సరిచేయడానికి ఒక్క లైను చాలు. కానీ టెస్టులన్నీ మొదట్నుంచీ నడపాలి, సాయంత్రానికి అయ్యే పని కాదు.

"కోడ్ తిప్పి పంపెయ్," అంది వదిన. "నన్ను తీసేస్తే నీ మీద కోపం రాదనుకోకు. వస్తుంది. అయినా పంపెయ్."

పంపేశాను. రోజూ నా బండి మీద ఇంటికొచ్చే వదిన, ఆ సాయంత్రం బస్సెక్కింది.