కినుయె కోసం చేసిన తెల్ల జాడీ

నేను ఒక తెల్ల పింగాణీ జాడీని. నా ఒంటి మీద పువ్వు లేదు, తీగ లేదు, నీలి గీతైనా లేదు. ఒక మూత ఉంది, అంతే. జపాన్‌లోని అరితా అనే ఊళ్లో పుట్టాను. అక్కడ కొండరాయిని పిండి కొట్టి, నీళ్లలో కడిగి, తేరిన ముద్దతో పాత్రలు చేస్తారు. కాబట్టి నాది మట్టి పుటక కాదు, రాతి పుటక. మనుషులు మాత్రం నన్ను సుకుమారం అంటారు. వాళ్లకు కంటి మీద నమ్మకం ఎక్కువ.

నన్ను చేసినవాడు షిగెహారు. అతని తండ్రి పళ్లేల మీద నీలిరంగు చేపలు గీసి సంసారం నడిపాడు. కొడుకు ఆ చేపల్ని వదిలేసి తెలుపొక్కటే చాలన్నాడు. బొమ్మ ఉంటే మచ్చ దాని వెనక దాక్కుంటుంది. ఉత్త తెలుపులో దాక్కోవడానికి చోటు లేదు. అందుకే పాత్రలు కాల్చే ఆవం తెరిచిన ప్రతిసారీ ఒక్కో పాత్రనూ ఎండలోకి తెచ్చి తిప్పి తిప్పి చూసేవాడు. సూదిమొనంత నల్లచుక్క కనిపించినా సుత్తితో కొట్టేసేవాడు. ఆ పెంకులను భార్య కినుయె ఊడ్చి పెరట్లో పోసేది. ముద్ద పిసికేదీ ఆమే, పచ్చి పాత్రల మీది ధూళిని తడిగుడ్డతో తుడిచేదీ ఆమే. పత్రికలవాళ్లు వస్తే టీ ఇచ్చి పక్కకు తప్పుకునేది. టోక్యోలో అతని పాత్రలకు బహుమతులు వచ్చాయి. విదేశాలవాళ్లు కొనుక్కుపోయారు. లోపాన్ని క్షమించని కళాకారుడని రాశారు. పొగడ్త అనుకునే రాశారు.

కినుయెకు క్యాన్సర్ అని తెలిసిన చలికాలంలో అతను నన్ను మొదలుపెట్టాడు. ఆ దేశంలో దహనం అయ్యాక ఎముకలను ఏట్లో కలపరు. మూతజాడీలో పెట్టి సమాధిరాయి కింద దాస్తారు. భార్యకు తన చేతి జాడీ ఇవ్వాలని అతని పంతం. నాకంటే ముందు పుట్టినవాళ్లలో ఒకరికి మెడ వంగింది, ఒకరికి అడుగున వెంట్రుకంత చీలిక వచ్చింది. అందరూ సుత్తి కిందే పోయారు. ఆమె ఆస్పత్రిలో ఉంటే అతను కుమ్మరి సారె ముందు ఉన్నాడు. ఆమె చెల్లెలు సయోకో వెళ్లి గంజి తాగించి వచ్చేది.

చివరికి నేను ఏ మచ్చా లేకుండా బయటికొచ్చాను. నన్ను గుడ్డలో చుట్టి తీసుకెళ్లి, ఆమె మంచం మీద పెట్టి ముడి విప్పాడు.

కినుయె వేలితో నన్ను మీటింది. "బాగా మోగుతోంది. ఎవరికండీ?"

"నీకే."

పక్కనే ఉన్న సయోకో మొహం తిప్పుకుంది. కినుయె మాత్రం నవ్వింది. "నేనింకా ఇక్కడే ఉన్నాను కదా. కొలతలు ఎప్పుడు తీసుకున్నారు?"

"వేళాకోళం వద్దు. ఇన్నేళ్లలో నేను చేసినవాటన్నిట్లో ఇదే..."

"తెలుసులెండి. వెతికినా మచ్చ లేదు." కాసేపు ఊపిరి తీసుకుంది. "మన చిహో పోయిన రోజున మీరు ఆవం తెరిచారు. పిల్లకు ఒక చిన్న జాడీ ఇమ్మని అడిగాను."

అతను విప్పిన గుడ్డను మడత పెట్టసాగాడు.

"అన్నిట్లోనూ ఏదో లోపం ఉందన్నారు. లోపమున్నదాంట్లో నా బిడ్డను పెట్టనన్నారు. నా కళ్లముందే అన్నీ పగలగొట్టారు. మూడేళ్ల పిల్లకు మచ్చలు తెలుస్తాయా? దహనశాలలో అమ్మేదాంట్లో వెళ్లిపోయింది."

"అందుకే ఇది చేశాను."

"అప్పుడూ ఆవం దగ్గరే ఉన్నారు, ఇప్పుడూ ఆవం దగ్గరే ఉన్నారు. నన్నూ అక్కడ కొన్నదాంట్లోనే పెట్టండి. పిల్ల ఎలాంటిదాంట్లో ఉందో నేనూ అలాంటిదాంట్లోనే ఉంటాను." అలిసిపోయి కళ్లు మూసుకుంది. మళ్లీ తెరిచి, "దీన్ని తీసుకెళ్లండి. ఇక్కడుంటే నర్సమ్మ పూలు పెట్టేస్తుంది," అంది.

ఆమె ఆ నెల దాటలేదు.

అయినా అతను నన్ను దహనశాలకు తెచ్చాడు. అక్కడ అయినవాళ్లు ఇద్దరిద్దరుగా పొడవాటి పుల్లలతో ఒకే ఎముకను పట్టి జాడీలో వేస్తారు. అతను నన్ను బల్ల మీద పెట్టి మూత తీశాడు.

సయోకో పుల్లలు అందుకోలేదు. "బావగారూ, అక్క మాట మీరూ విన్నారు."

"పోయినవాళ్లకు ఏం తెలుస్తుంది సయోకో?"

"ఏమీ తెలియదు. మనకు తెలుసు కదా."

దాచడమెందుకు, నేనూ ఆశపడ్డాను. దేనికోసం పుట్టానో దానికి పనికిరావాలని ఏ పాత్రకైనా ఉంటుంది. అతను నా మూత పట్టుకుని చాలాసేపు నిలబడ్డాడు. తర్వాత దాన్ని నా మీద పెట్టేసి, మామూలుది ఒకటి ఇమ్మని గుమాస్తాను అడిగాడు.

"మీకా సార్? మా దగ్గరివి మీకెందుకు?" అన్నాడు గుమాస్తా. ఆ ఊళ్లో షిగెహారును ఎరగనివాళ్లు లేరు. తెచ్చిన జాడీ మెడ కింద బియ్యపు గింజంత నల్లమచ్చ ఉంది. అతని చూపు దాని మీద ఆగింది. గుమాస్తా కంగారుపడి, "మార్చమంటారా?" అన్నాడు.

"వద్దు," అన్నాడు షిగెహారు.

ఇద్దరూ కలిసి ఆమెను అందులో పెట్టారు. అతను దాన్ని రెండు చేతులతో ఎత్తుకున్నాడు. నన్ను సయోకో మోసింది.

ఆ తర్వాత అతను సారె ముట్టలేదు. ఇప్పుడు నేను ఒక మ్యూజియంలో గాజుపెట్టెలో ఉన్నాను. నన్ను అక్కడ పెట్టిన రోజున పత్రిక నుంచి వచ్చిన అమ్మాయి, ఇది ఏ ఉపయోగానికి చేశారని అతన్ని అడిగింది. "ఎవరికీ ఉపయోగపడలేదమ్మా," అన్నాడు. మర్నాడు పత్రికలో, ప్రయోజనానికి అతీతమైన కళ అని వేశారు. ఆ ముక్కే అట్ట మీద అచ్చు వేయించి నా పక్కన నిలబెట్టారు. జనం మొదట దాన్ని చదువుతారు. చదివాక నన్ను చూసి తలలూపుతారు.

సయోకో ఒక్కసారి వచ్చింది. అట్ట వైపు చూడలేదు. నా ఎదురుగా నిలబడి దణ్ణం పెట్టబోయింది. లోపల అక్క లేదని అప్పుడే గుర్తొచ్చినట్టు చేతులు దించేసుకుని, పక్క గదిలోకి వెళ్లిపోయింది.